ఫార్మాట్ కొట్టించెయ్ నాన్నా, ఏముందిలే అందులో!

మా కోనసీమలో కంప్యూటరుకి ఏ జబ్బు చేసినా మందు ఒకటే. నెమ్మదిగా నడుస్తోందా? ఫార్మాట్. వైరస్ పట్టిందా? ఫార్మాట్. ప్రింటరు పలకట్లేదా? ఫార్మాట్. "బాబూ, పొరపాటున మెయిళ్ళు చెరిగిపోయాయి, వెనక్కి తెప్పించగలవా?" అని అడిగినా ఫార్మాటే! అమలాపురంలో అడగండి, రాజోలులో అడగండి, కొత్తపేటలో అడగండి, వైద్యం మారదు. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అన్న సామెత మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు.

అయితే నా కోపం ఆ షాపు కుర్రాడి మీద కాదు. వాడు ఫార్మాట్ కొట్టే ముందు ఇంటి పెద్దాయన ఒక ఫోను చేస్తాడు. హైదరాబాదుకో, బెంగుళూరుకో, డాలస్‌కో. అటువైపు ఉండేది మన జాతి మనిషే, సాఫ్టువేరు ఇంజనీరు. ఏదో మీటింగులో ఉంటాడు. "ఆఁ, కొట్టించెయ్ నాన్నా, ఏముందిలే అందులో!" అని పెట్టేస్తాడు. నా గొడవంతా ఆ ఒక్క వాక్యం మీదే.

ఏముందో చెప్తాను. కోనసీమలో ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు పై దేశంలో ఉంటారు. కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళినవాళ్ళు కొందరు, అమెరికా వెళ్ళినవాళ్ళు కొందరు. ఒకప్పుడు వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరాలొచ్చేవి. చదివేసిన ఉత్తరాన్ని గోడకి వేలాడే ఇనప తీగకి గుచ్చేవారు. పదేళ్ళ తర్వాత ఎవరికైనా చిరునామా కావాలంటే ఆ తీగ దించి ఒక్కొక్కటే తిరగేసేవారు. 1996 నవంబరు 6 తుఫానుకి కొబ్బరితోటలు నేలకొరిగాయి, ఇళ్ళ కప్పులెగిరిపోయాయి. అయినా తడిసిన ఉత్తరాల్ని ఎండలో ఆరబెట్టుకుని దాచుకున్న ముసలమ్మల్ని నేనెరుగుదును. తర్వాత ఇంటర్నెట్ సెంటర్లొచ్చాయి, ఆ తర్వాత ఇంట్లోకే కంప్యూటరొచ్చింది. డయలప్ మోడెం కీచుమంటుంటే ఓపిగ్గా కూర్చుని, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకుని పంపించుకున్నారు. మనలో కొంతమంది ఆర్‌టీఎస్ పద్ధతిలో నిష్ఠగా రాస్తే, మిగతావాళ్ళు తోచినట్టు రాశారు. ఆ ఉత్తరాలు ఏ తీగకీ గుచ్చలేదు. ఆ హార్డ్ డిస్కే తీగ. ఇప్పుడు మనం తెంపమంటున్నది దాన్నే.

"డేటా ఏమైనా ఉందాండీ?"

షాపు కుర్రాడు మర్యాదగానే అడుగుతాడు. "మేష్టారండీ, ఇందులో డేటా ఏమైనా ఉందాండీ?" అని. మేష్టారు ఆలోచిస్తారు. డేటా అంటే ఏదో ఆఫీసు లెక్కలు అయ్యుంటాయి, మనకేముంటుంది అనుకుంటారు. మహా అయితే పాటలు, మనవడి ఫోటోలు గుర్తొస్తాయి. "ఫోటోలు డి డ్రైవులో ఉన్నాయి బాబూ" అంటారు. "అయితే పర్లేదండి, సి డ్రైవు ఒక్కటే కొట్టేస్తాను, ఆయ్" అంటాడు కుర్రాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. అయినా ఉత్తరాలు పోయాయి.

ఎందుకంటే తన కూతురు రాసిన ఉత్తరాన్ని డేటా అని లోకంలో ఏ తండ్రీ అనడు. మెయిళ్ళు ఎక్కడుంటాయి అని అడిగితే "ఇంటర్నెట్టులో" అంటాడు. అది ఆయన తప్పు కాదు. ఆ కాలం మెయిల్ సాఫ్టువేర్లు సరుకుని ఎక్కడ దాచేవో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎక్స్‌పీ రోజుల్లో అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఒక్కో ఫోల్డరుకి ఒక్కో డీబీఎక్స్ ఫైలు పెట్టుకునేది. ఆ ఫైళ్ళు ఉండేది సి డ్రైవులో, యూజరు పేరు కింద, లోకల్ సెట్టింగ్స్ లోపల, ఐడెంటిటీస్ అనే ఫోల్డరులో, మధ్యలో బారెడు పొడుగు అర్థం కాని నంబరు. పైపెచ్చు లోకల్ సెట్టింగ్స్ అనేది దాచిపెట్టిన ఫోల్డరు, మామూలుగా చూస్తే కనిపించదు. అడ్రసు పుస్తకం ఇంకోచోట, వాబ్ అనే ఫైలులో. ఇంకోపక్క పాప్3 పద్ధతి మామూలుగా సర్వరు మీంచి మెయిలు దించుకుని అక్కడిది చెరిపేసేది. అంటే ప్రపంచం మొత్తం మీద ఆ ఉత్తరానికి ఒకటే కాపీ, అదీ ఇంటాయనకి కనపడని చోట. పెద్దాయనకి ఇవన్నీ తెలియాలనుకోవడం ఏం న్యాయం? తెలియాల్సింది ఫోనులో అవతల వైపున్న మనిషికి. "ఏముందిలే" అన్నది ఆ మనిషే!

ఆఫీసులో ఒక నీతి, ఇంట్లో ఒక నీతి

మనవాళ్ళు ఆఫీసులో మాట్లాడే మాటలు వినండి. మిర్రరింగు, రెప్లికేషను, డిజాస్టర్ రికవరీ సైటు, ఆర్‌పీఓ, ఆర్‌టీఓ. అర్ధగంట సరుకు పోతే పోస్ట్‌మార్టమ్ రిపోర్టు రాసి, పదిమందిని కాల్‌లోకి లాగి, కారణం తేలేదాకా వదలరు. ఎవరి సరుకది? ఎప్పుడూ చూడని ఏదో బ్యాంకుది, ఏదో బట్టల కంపెనీది. కన్నవాళ్ళ పాతికేళ్ళ ఉత్తరాల విషయానికొచ్చేసరికి మాత్రం "ఏముందిలే అందులో".

ఇంకో మాట కూడా అంటారు, "ఇవి హోం యూజర్ల సమస్యలండీ, ప్రొఫెషనల్స్‌కి రావు" అని. అలా అనేవాళ్ళకి రెండు కథలు.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు తప్పు సర్వరు మీద డేటాబేసు ఫోల్డరు చెరిపేశాడు. ఆపేలోపు మూడొందల జీబీ కాస్తా నాలుగున్నర జీబీకి దిగింది. బ్యాకప్ కోసం వెతికితే, వాళ్ళు పెట్టుకున్న ఐదు ఏర్పాట్లలో ఏ ఒక్కటీ సరిగ్గా పనిచెయ్యట్లేదని తేలింది. అదృష్టం కొద్దీ అంతకు ఆరు గంటల ముందు ఎవరో చేత్తో తీసి పెట్టుకున్న స్నాప్‌షాట్ ఒకటుంటే దాంతో బయటపడ్డారు. ఇదంతా వాళ్ళే నిజాయితీగా బయటపెట్టారు, అందుకు మెచ్చుకోవాలి.

రెండోది ఇంకా మంచి కథ. 1998లో పిక్సార్ వాళ్ళు టాయ్ స్టోరీ 2 తీస్తున్నారు. ఎవరో కొట్టిన ఒక్క కమాండుకి సినిమా ఫైళ్ళు కళ్ళముందే మాయమైపోతున్నాయి. బ్యాకప్ చూస్తే కొన్ని వారాలుగా సరిగ్గా రాయట్లేదు. చివరికి సినిమాని కాపాడిందెవరో తెలుసా? గాలిన్ సుస్‌మన్ అనే ఆవిడ ఇంట్లో ఉన్న కంప్యూటరు. అప్పుడే బిడ్డ పుట్టిందని ఆవిడ ఇంటి నుంచి పనిచేస్తూ ఒక కాపీ ఇంట్లో పెట్టుకుంది. ఆ కంప్యూటరుని దుప్పట్లలో చుట్టి కారు వెనకసీట్లో పడుకోబెట్టి జాగ్రత్తగా ఆఫీసుకి తీసుకొచ్చారు. అంత పెద్ద స్టూడియోని ఒక బాలింత ఇంటి కంప్యూటరు నిలబెట్టింది. కాబట్టి ఇంటి కంప్యూటరే కదా అని చులకన చెయ్యకండి.

చెరిపితే పోదు, పోయిందాకా మనమే ఊరుకోం

ఇక అసలు విషయానికొద్దాం. చెరపడం అంటే ఏమిటో మనకి కాలేజీలో చెప్పారు, మర్చిపోయాం. పాత హార్డ్ డిస్కులో ఫైలు చెరిపితే, ఎన్‌టీఎఫ్ఎస్ దాని జాబితాలో ఆ ఫైలు ఎంట్రీ మీద "ఇది వాడుకలో లేదు" అని గుర్తు పెట్టి, దాని చోటు ఖాళీ అని రాసుకుంటుంది. అంతే. సరుకు అక్కడే పడుంటుంది. మన ఊరి భాషలో చెప్పాలంటే, అడంగల్లో పేరు కొట్టేస్తే పొలం ఎక్కడికీ పోదు కదా. మట్టి అక్కడే ఉంటుంది, గట్లు అక్కడే ఉంటాయి. ఇంకెవరో వచ్చి దున్ని నాట్లు వేసేదాకా పాత పైరు మొదళ్ళు అలాగే ఉంటాయి.

మెయిల్ సాఫ్టువేర్లలో ఇంకో మెట్టు కూడా ఉంది. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ డీబీఎక్స్‌లో గానీ, అవుట్‌లుక్ పీఎస్టీలో గానీ, థండర్‌బర్డ్ వాడే ఎంబాక్స్‌లో గానీ ఉత్తరం చెరిపి చెత్తబుట్ట ఖాళీ చేసినా ఆ ఫైలు లోపల ఉత్తరం అలాగే ఉంటుంది. కంపాక్ట్ అనే పని జరిగినప్పుడే నిజంగా పోతుంది. ఎక్స్‌పీలో రెండో సర్వీసు ప్యాక్ తర్వాత అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌ని వందసార్లు మూస్తే "కంపాక్ట్ చెయ్యమంటారా?" అని ఒక పెట్టె వచ్చేది, గుర్తుందా? మన పెద్దవాళ్ళు ఏ పెట్టె వచ్చినా ఓకే కొట్టేవాళ్ళు. అక్కడే పోయేవి.

ఫార్మాట్ సంగతీ అంతే. ఎక్స్‌పీలో క్విక్ ఫార్మాట్ కొట్టినా, ఫుల్ ఫార్మాట్ కొట్టినా పాత సరుకు మీద ఏమీ రాసేది కాదు. ఫుల్ ఫార్మాట్ పాడైన సెక్టార్లు వెతికేది, అందుకే అంతసేపు పట్టేది. విస్టా నుంచి మారింది, ఫుల్ ఫార్మాట్ అంటే డిస్కంతా సున్నాలు రాస్తుంది. అంటే ఆ రోజుల్లో ఫార్మాట్ అయిన డిస్కులో కూడా చాలావరకు వెనక్కి తీసే వీలుండేది. అసలు నాశనం చేసింది ఫార్మాట్ కాదు, ఆ వెంటనే అదే డిస్కు మీద విండోసూ, ఆఫీసూ, యాంటీవైరస్సూ, ఆపైన షాపు కుర్రాడు అభిమానంగా నింపి ఇచ్చిన సినిమాలూ!

రాజోలు దగ్గర పల్లెలో మా చుట్టం ఒకాయన, రిటైరైన టీచరు. డాలస్‌లో ఉండే కూతురు 2003 నుంచి ఆరేళ్ళపాటు రాసిన మెయిళ్ళు ఆయన కంప్యూటర్లో ఉండేవి. మొదటిసారి మంచు చూసిన రోజు, పురుటి రోజులు, ఉద్యోగం పోయి భయపడ్డ రోజులు, అన్నీ అందులోనే. ఆ అమ్మాయి తర్వాత జబ్బు చేసి చనిపోయింది. కొన్నాళ్ళకి కంప్యూటరు మొరాయిస్తే, పైన చెప్పిన సంభాషణే అక్షరం పొల్లుపోకుండా జరిగింది. "ఏముందిలే" అన్నవాడు ఆ అమ్మాయి తమ్ముడే, వాడూ మన ఫీల్డే. నాలుగు రోజుల తర్వాత పెద్దాయన మెయిళ్ళు తెరవబోతే ఖాళీ.

ఆ డిస్కు నా దగ్గరికొచ్చింది. ముందు మొత్తం డిస్కుకి ఒక ఇమేజి తీసి, ఆ ఇమేజి మీద ఫోటోరెక్ నడిపితే ఇన్‌బాక్సు ఫైలు ముక్కలుగా దొరికింది. ఉత్తరాలు సగానికి పైగా వచ్చాయి. మిగతాచోట కొత్తగా ఎక్కించిన సినిమాల సెక్టార్లు కూర్చున్నాయి. అడ్రసు పుస్తకం అసలు రాలేదు. ఒక ఉత్తరం "నాన్నా, నిన్న రాత్రి" అని మొదలై అక్కడే తెగిపోయింది. నిన్న రాత్రి ఏం జరిగిందో ఆ ఇంట్లో ఇంక ఎవరికీ తెలియదు. ఆయన అన్నీ కాగితం మీద ప్రింటు తీయించి దారంతో కుట్టించుకున్నారు, ఆ తెగిపోయిన ఉత్తరంతో సహా. ఏముందిలే అందులో అనేవాళ్ళు ఒకసారి ఆ పుస్తకం చూస్తే బాగుండును.

ఇప్పుడు పరిస్థితి ఇంకా అన్యాయం

ఆ కథ పాతది కాబట్టి సగమైనా దొరికింది. ఇవాళ అదే జరిగితే ఆ సగం కూడా దొరకదు. ఇది మన ఐటీ జనం కూడా చాలామంది పట్టించుకోని విషయం.

ఇప్పుడు ఇళ్ళలో ఉన్నవి ఎస్‌ఎస్‌డీలు. ఫైలు చెరిపిన వెంటనే విండోస్ ఆ డిస్కుకి ట్రిమ్ అనే కబురు పంపుతుంది, "ఈ చోటు ఇంక అక్కర్లేదు, నీ ఇష్టం" అని. విండోస్ 7 నుంచి ఈ ఏర్పాటుంది. డిస్కు లోపలి కంట్రోలరు ఆ చోటుని తన తీరిక చూసుకుని నిజంగానే తుడిచేస్తుంది. ఫార్మాట్ కొడితే డ్రైవు మొత్తానికీ ట్రిమ్ వెళ్తుంది. ఇందాకటి పొలం లెక్కలో ఇది అడంగల్లో పేరు కొట్టెయ్యడం కాదు, లంకభూమి గోదావరి కోతకి పోవడం. పట్టా మీ చేతిలోనే ఉంటుంది, కింద నేలే ఉండదు. "చెరిపినా డిస్కులో ఉంటుందిలే, తర్వాత రికవరీ చేయిద్దాం" అనే ధీమా పాత డిస్కులతోనే పోయింది.

ఇంకోటి ఎన్‌క్రిప్షను. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయితే చాలా కంప్యూటర్లలో డిస్కు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. దొంగలెత్తుకుపోతే మంచిదే. కానీ మా వైపు పిడుగుపడి మదర్‌బోర్డు పోవడం కొత్తేం కాదు. వెనకటి రోజుల్లో డిస్కు ఊడదీసి ఇంకో కంప్యూటరుకి తగిలిస్తే సరుకు వచ్చేది. ఇప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది ఆ మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటుంది. ఆ అకౌంటు ఎవరి పేరు మీద తెరిచారు? షాపు కుర్రాడు ఆ రోజు అప్పటికప్పుడు తెరిచిన అకౌంటు, పాస్‌వర్డు వాడికే గుర్తులేదు. ఏం చేస్తారు?

పైగా ముహూర్తం కూడా ఇదే. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు అయిపోయింది. చాలా పాత కంప్యూటర్లు విండోస్ 11కి పనికిరావు. అందులో ఉండే మెయిల్, పీపుల్ యాప్‌లకి 2024 డిసెంబరు 31తోనే చెల్లుచీటీ ఇచ్చేశారు. అంటే ఇప్పుడు ఇళ్ళలో పాత కంప్యూటర్లు ఎక్స్‌చేంజికో, పాత సామాన్లవాడికో, ఫార్మాటుకో వెళ్తున్న కాలం. 2014 ఏప్రిల్లో ఎక్స్‌పీకి కాలం చెల్లినప్పుడు ఒకసారి పోయాయి ఉత్తరాలు. ఇది రెండో విడత.

"అంతా క్లౌడులోనే ఉంది కదా!"

ఇదీ మనవాళ్ళ బ్రహ్మాస్త్రం. సరే, చూద్దాం.

ఒకటి. సింకు వేరు, బ్యాకప్పు వేరు. ఐమ్యాప్‌తో మెయిలు నాలుగుచోట్ల కనిపిస్తుంది కాబట్టి నాలుగు కాపీలున్నాయి అనుకుంటారు. ఒకచోట చెరిపితే నాలుగుచోట్లా పోతుంది. నాలుగు కిటికీలున్నంత మాత్రాన నాలుగు ఇళ్ళున్నట్టు కాదు. జీమెయిల్ చెత్తబుట్టలో 30 రోజులుంటుంది, తర్వాత మనం చేసేదేమీ లేదు. కాంటాక్టులకీ అంతే, వెనక్కి తిప్పుకోవడానికి 30 రోజుల గడువు. మీ నాన్నగారికి పోయిందని తెలిసేది ఎప్పుడు? ఎవరిదో పెళ్ళి శుభలేఖ పంపాల్సి వచ్చినప్పుడు, అంటే ఆరు నెలల తర్వాత!

రెండు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిలుకీ, డ్రైవుకీ, ఫోటోలకీ కలిపి. 2021 జూన్ నుంచి కొత్త ఫోటోలు కూడా ఈ లెక్కలోకే వస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్పు ఒకప్పుడు లెక్కలోకి వచ్చేది కాదు, 2024 నుంచి అదీ చేరింది. చోటు నిండిపోతే మెయిళ్ళు రావడం ఆగిపోతుంది. ఫోను రోజూ "స్టోరేజ్ ఫుల్" అని బెదిరిస్తుంటే పెద్దవాళ్ళు ఏం చేస్తారు? అన్నిటికన్నా కిందున్న పాత మెయిళ్ళు చెరుపుతారు. అంటే, ప్రతి పొద్దున్నా వచ్చే శుభోదయం బొమ్మలకి చోటు చెయ్యడానికి ఇరవయ్యేళ్ళ ఉత్తరాలు చెరిగిపోతున్నాయి. దీనికంటే దిక్కుమాలిన బేరం ఇంకోటి ఉంటుందా?

మూడు. రెండేళ్ళు వాడకుండా వదిలేసిన అకౌంట్లని తీసేస్తామని గూగుల్ 2023లో చెప్పింది, ఆ డిసెంబరు నుంచి మొదలుపెట్టింది. పోయినవాళ్ళ అకౌంట్లు ఎవరు తెరుస్తారు? ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని 2013 నుంచి ఒక ఏర్పాటుంది, తన తర్వాత ఆ సరుకు ఎవరికి చెందాలో ముందే రాసిపెట్టుకోవచ్చు. మీ ఇంట్లో ఎంతమంది రాశారు?

అన్నట్టు, క్లౌడు వాళ్ళు మాత్రం క్లౌడుని అంతగా నమ్మరు :) 2011 ఫిబ్రవరి చివర్లో ఒక సాఫ్టువేరు బగ్గు వల్ల కొంతమంది జీమెయిల్ వాడకందార్ల పెట్టెలు ఖాళీ అయిపోయాయి. గూగుల్ లెక్క ప్రకారం మొత్తం వాడేవాళ్ళలో 0.02 శాతం మంది. వేర్వేరు డేటా సెంటర్లలో ఎన్ని కాపీలున్నా బగ్గు అన్నిట్నీ పట్టింది. చివరికి ఎక్కడి నుంచి తెచ్చారు? టేపుల మీంచి! నెట్టుకి తగలని టేపు. గూగుల్ అంతటివాడికే గూట్లో ఒక టేపు కావాల్సి వస్తే, మన ఇంటికి ఒక యాభై జీబీ పెన్‌డ్రైవు అక్కర్లేదా?

"అవతలివాళ్ళ ఉత్తరాలు మనం తవ్వొచ్చా?"

ఈ ప్రశ్నొక్కటే నాకు నిజంగా గౌరవం ఉన్న ప్రశ్న. అమ్మానాన్నల మెయిళ్ళు వాళ్ళవి. పాస్‌వర్డు మనమే పెట్టాం కదా అని మనం చదివెయ్యకూడదు. రికవరీ చేసేవాడికి అన్నీ కనిపిస్తాయి, అప్పుపత్రాలు, పాత గొడవలు, పిల్లలకి చెప్పుకోని బాధలు. అందుకే కాపీ తీసే పని వాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు చూస్తుండగా చెయ్యాలి. ఫైలు కాపీ చెయ్యడానికి ఉత్తరం తెరవక్కర్లేదు. వాళ్ళు చెరిపెయ్యమన్నది చెరిపెయ్యాలి కూడా. కావాలని చెరుపుకోవడం వాళ్ళ హక్కు. నేను తగువు పడేది అక్కర్లేక చెరిపినదాని గురించి కాదు, అడగకుండా పోయినదాని గురించి. అయినా, ఏ ముక్కూ మొహం తెలియని షాపులో డిస్కు వదిలేసి రావడానికి అడ్డురాని ప్రైవసీ, కాపీ తియ్యమనగానే గుర్తుకు రావడం చిత్రం.

సరే, చెరిగిపోతే ఏం చెయ్యాలి?

తిట్టడం ఒక్కటే చేస్తే ఉపయోగం లేదు. పెద్దాయన ఫోను చేసి "ఏదో నొక్కాను, మెయిళ్ళు కనపడట్లేదురా" అంటే మీరు చెప్పాల్సినవి ఇవి.

1. ముందు "కంగారు పడకు నాన్నా, ఇంకేం నొక్కకు" అనండి. జీమెయిల్ లాంటిదైతే చెత్తబుట్ట, స్పాము, ఆల్ మెయిల్ చూడండి. చాలాసార్లు చెరిగిపోవు, ఆర్కైవులోకి పోతాయంతే. కాంటాక్టులైతే గూగుల్ కాంటాక్ట్స్‌లో వెబ్ నుంచి వెనక్కి తిప్పే వీలుంది, 30 రోజుల లోపైతేనే.

2. సరుకు కంప్యూటర్లోనే ఉండేదైతే కంప్యూటరు ఆపెయ్యమనండి. నెట్టు చూడ్డం, రికవరీ సాఫ్టువేరు అదే డిస్కులోకి దించుకోవడం, ఏదీ వద్దు. చాలామంది చేసే తప్పు ఇదే, వెతికే మనిషే పొలాన్ని దున్నేస్తాడు. ఎస్‌ఎస్‌డీ అయితే కరెంటు ఎంత త్వరగా తీస్తే అంత మంచిది, ఆశ తక్కువే.

3. డిస్కు ఊడదీసి ఇంకో కంప్యూటరుకి తగిలించి, ముందు మొత్తానికి ఇమేజి తియ్యండి. ప్రయోగాలన్నీ ఇమేజి మీదే. డిస్కు టకటకమని చప్పుడు చేస్తుంటే మళ్ళీ మళ్ళీ ఆన్ చెయ్యకండి, అది యంత్రం జబ్బు, సాఫ్టువేరుతో తగ్గదు.

4. టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ ఉచితంగా దొరుకుతాయి. ఫోటోరెక్ పేరు చూసి ఫోటోలకే అనుకోకండి, డీబీఎక్స్, పీఎస్టీ ఫైళ్ళని కూడా పట్టుకుంటుంది. పీఎస్టీ పాడైతే అవుట్‌లుక్‌తో పాటు వచ్చే స్కాన్‌పీఎస్టీ ఉంది. దాన్ని కూడా కాపీ మీదే నడపండి. పాత పీఎస్టీలు రెండు జీబీ దాటితే పాడయ్యేవి, 2003 అవుట్‌లుక్ నుంచి ఆ బాధ తగ్గింది.

5. షాపుకే ఇవ్వాల్సి వస్తే, "డేటా ఉందా" అన్న ప్రశ్నకి జవాబు మీరే చెప్పండి. "పాత డిస్కు ముట్టుకోవద్దు, కొత్త డిస్కు వేసి దాని మీద విండోస్ ఎక్కించు, పాతది నాన్నగారి చేతికి ఇచ్చెయ్యి" అనండి. ఆ కుర్రాడికి ఫార్మాటుకే డబ్బులిస్తారు, నాలుగు గంటలు కూర్చుని ఉత్తరాలు వెతికితే ఎవరూ ఇవ్వరు. ఆ నాలుగు గంటల కూలీ మీరివ్వండి. ఆఫీసులో వారాంతం పనికి అలవెన్సు అడిగేవాళ్ళకి ఆ మాత్రం తెలియదా?

అంతకంటే ముందు, పోకముందే చెయ్యాల్సింది ఇంకా తేలిక. గూగుల్ టేక్అవుట్‌లో మెయిళ్ళన్నీ ఎంబాక్స్ ఫైలుగా, కాంటాక్టులు వీకార్డ్ ఫైలుగా దించుకోవచ్చు. ఈ రెండూ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు, ఇంకో ఇరవయ్యేళ్ళకైనా తెరుచుకుంటాయి. కాంటాక్టులు ఎక్సెల్లోకి తీస్తే తెలుగు పేర్లు యూనికోడులోనే ఉన్నాయో లేదో చూసుకోండి, లేకపోతే అమ్మమ్మ పేరున్నచోట ఆరు ప్రశ్నార్థకాలు మిగులుతాయి. ఒక కాపీ ఇంట్లో, ఒకటి నెట్టులో, ఒకటి వేరే ఊళ్ళో. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫరు చెప్పిన 3-2-1 లెక్క ఇదే. ఈ వేరే ఊరు అన్నది మా కోనసీమకి మరీ ముఖ్యం. 2022 జులై వరదల్లో లంక ఊళ్ళ ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. కంప్యూటరూ, దాని పక్కనే పెట్టిన బ్యాకప్పు డిస్కూ ఒకే బల్ల మీద ఉంటే రెండూ ఒకేసారి తడుస్తాయి.

చివరగా అడ్రసు పుస్తకం గురించి ఒక మాట. మెయిళ్ళ గురించైనా కాస్త బాధపడతారు గానీ దీన్ని ఎవరూ లెక్కచెయ్యరు. ల్యాండు లైన్లు చాలావరకు పోయాయి. 08856తో మొదలయ్యే పాత అమలాపురం నంబర్లు ఎన్ని ఇప్పుడు పలుకుతున్నాయి? గల్ఫ్ వెళ్ళినవాళ్ళ నంబర్లు యజమాని మారినప్పుడల్లా మారతాయి. "మలికిపురం సుబ్బన్న గారి పెద్దకోడలు, మస్కట్" లాంటి ఎంట్రీ ఏ నెట్‌వర్కింగ్ సైటులోనూ దొరకదు. ఎవరికి ఎవరేమవుతారో, ఎవరు ఎక్కడ తేలారో ఒక మనిషి నలభయ్యేళ్ళు పోగేసిన చిట్టా అది. అది పోతే ఆ ఊరికీ ఆ మనుషులకీ మధ్య ఉన్న దారి పోతుంది.

ఈసారి సంక్రాంతికి ఊరెళ్ళండి. భోగి మంటలో పాత సామాను వేస్తారు గానీ ఉత్తరాలు వెయ్యరు కదా. కోడిపందేలు చూడండి, కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూడండి, పూతరేకులు తినండి. ఒక్క గంట మాత్రం అటక మీదున్న ఆ పాత సీపీయూకి కేటాయించండి. బూజు దులిపి, డిస్కు తీసి, నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని కాపీ చెయ్యండి. ఆ గంట కూడా లేదు, ఫోనులోనే చెప్తామంటే కనీసం ఆ వాక్యం మార్చండి. "ఏముందిలే అందులో" అని చుక్క పెట్టకండి. "అందులో ఏముంది నాన్నా?" అని అడగండి. ఆయన చెప్పేదాకా ఫోను పెట్టెయ్యకండి.